తోకచుక్కను దాచిందెవరు?

తోకచుక్క పొడిస్తే రాజుకి కీడు అనేవారు మన పెద్దవాళ్లు. రాజులు పోయారు గనక ఇప్పుడా మాట కాస్త రూపు మార్చుకుంది. తోకచుక్క పొడిస్తే ప్రభుత్వం ఏదో దాస్తోందని అర్థం అంటున్నారు. 2025 అక్టోబరు, నవంబరు నెలల్లో త్రీ ఐ అట్లాస్ అనే తోకచుక్క గురించి మీ ఫోన్లలోకీ వీడియోలు వచ్చే ఉంటాయి. అది తోకచుక్క కాదట, పరాయి లోకంవాళ్ల ఓడట. అమెరికా వాళ్ల అంతరిక్ష సంస్థ నాసాకి సంగతంతా తెలుసట, ఫోటోలు తీసి బీరువాలో పెట్టి తాళం వేశారట. మా కింద వాటాలో ఉండే పిన్నిగారు ఆ వీడియో చూసి, "నవంబరులో మనవరాలి పెళ్లి పెట్టుకున్నాం, వాయిదా వేసుకోమంటావా అమ్మాయ్?" అని అడిగారు. నవ్వేసి ఊరుకోవలసిన ప్రశ్న కాదది. ఇలాంటి పుకారే ఒకటి 1997లో ఎంతవరకు పోయిందో తెలిసినవాళ్లు నవ్వలేరు.

ఆ కథ చెప్పబోయే ముందు ఒక మాట ఒప్పుకోవాలి. తోకచుక్కల సంగతి ప్రభుత్వాలు దాచిన రోజులు నిజంగానే ఉన్నాయి. పూర్వం చైనాలో చక్రవర్తి కొలువులోనే వేధశాల ఉండేది. ఆకాశంలో ఏ కొత్త చుక్క కనిపించినా అది చక్రవర్తి పరిపాలన మీద పైలోకం ఇచ్చే తీర్పు అని వాళ్ల నమ్మకం. 837వ సంవత్సరంలో హేలీ తోకచుక్క భూమికి సుమారు 50 లక్షల కిలోమీటర్ల దూరంలోంచి పోయింది. చంద్రుడు మనకి ఉన్న దూరానికి పదమూడు రెట్లు, అంతే. హేలీ ఇంత దగ్గరగా వచ్చినట్టు మరే రాకడలోనూ లెక్క తేలలేదు. ఆ తర్వాత మూడేళ్లకి, 840లో, కొలువునుంచి ఒక ఆజ్ఞ వెలువడింది. వేధశాల ఉద్యోగులు తమ పని గురించి బయట నోరు విప్పకూడదు, ఇతర ఉద్యోగులతో గానీ సామాన్య జనంతో గానీ కలిసి మెలిసి తిరగకూడదు అని.

ఇక్కడ ఒక్కటి గమనించండి. ఆ చక్రవర్తులు దాచింది తోకచుక్కని కాదు. నారు పోసే రైతుకీ, నీళ్లు తోడే ఇల్లాలికీ అది తలెత్తితే కనిపిస్తూనే ఉంది. వాళ్లు దాచింది దాని అర్థాన్ని. కొలువు జ్యోతిష్కుడు "ఇది మీ సింహాసనానికి మంచిది కాదు ప్రభూ" అన్న మాట బజారులో పడితే తిరుగుబాటు లేస్తుందని వాళ్ల భయం. ఆకాశాన్ని చదవటం కొలువువాళ్లకే వచ్చినంత కాలం ఆ దాపరికం సాగింది.

ఆ విద్య పదిమందికీ వచ్చాక కథ తలకిందులైంది. తోకచుక్కని కనిపెట్టినవాళ్లకి దాని సంగతి దాచుకుంటే నష్టం, ముందుగా చెబితే కీర్తి. ఎందుకంటే మొదట చెప్పినవాళ్ల పేరే దానికి పెడతారు. కారొలైన్ హెర్షెల్ అనే ఆవిడ సంగతి మీరు వినే ఉంటారు. జర్మనీలో పుట్టి, ఇంగ్లండులో అన్నగారి ఇంట్లో ఉంటూ, ఆయనతోపాటు రాత్రిళ్లు నక్షత్రాలు చూసి, మొత్తం 8 తోకచుక్కలు కనిపెట్టింది. 1787 నుంచి మూడవ జార్జి రాజు ఆవిడకి ఏడాదికి 50 పౌన్లు జీతం ఇచ్చాడు. 1797 ఆగస్టులో ఒక రాత్రి కొత్త తోకచుక్క కంటపడితే, ఉత్తరం వ్రాసి టపాలో వేస్తే ఆలస్యమవుతుందని, ఒక్క గంట కునుకు తీసి, గుర్రమెక్కి, 50 కిలోమీటర్లకి కాస్త తక్కువగా స్వారీ చేసి గ్రీనిచ్ వెళ్లి రాజఖగోళజ్ఞుడికి స్వయంగా చెప్పింది. అప్పటికావిడకి 47 ఏళ్లు. ఆ వయసులో మనం ఆటో ఎక్కడానికే మోకాళ్లు పట్టుకుంటాం! చెప్పటానికి ఉన్న ఆతురత అది.

మనకి దగ్గర ఉదాహరణ కావాలంటే వేణు బప్పు ఉన్నారు. ఆయన తండ్రిగారు హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేసేవారు. కొడుకు ఆ వేధశాల నీడలో పెరిగి, నిజాం కాలేజీలో చదివి, పై చదువుకి హార్వర్డు వెళ్లాడు. వెళ్లిన కొద్ది నెలలకే, 1949లో, తను తీసిన ఫోటో పలకమీద ఒక కొత్త తోకచుక్క పడింది. అప్పటికి 21 ఏళ్ల కుర్రవాడు. దాన్ని లెక్కకట్టటంలో కలిసివచ్చిన బార్ట్ బాక్, గోర్డన్ న్యూకిర్క్‌ల పేర్లతోపాటు ఈయన పేరూ ఆ తోకచుక్కకి పెట్టారు. ఒక్క పలక, ఒక్క రాత్రి, పేరు శాశ్వతం. ఇక దాచేదెవరు చెప్పండి?

నిజం చెప్తే జనం బెదిరిపోతారు గనక దాస్తారేమో అనవచ్చు మీరు. ఆ ముచ్చటా ఒకసారి జరిగింది. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు, దాని తోకలో సయనోజన్ అనే విషవాయువు ఉందని అమెరికాలోని యర్క్స్ వేధశాల వాళ్లు పైకే చెప్పేశారు. మే 18, 19 తేదీల్లో భూమి ఆ తోకలోంచి పోతుందని లెక్క కూడా చెప్పారు. తోక మన గాలికంటే ఎన్నో వేల రెట్లు పల్చన, ఏమీ కాదని పెద్దలు అన్నా కొందరు కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కుకున్నారు, తోకచుక్క మాత్రలని అమ్మినవాళ్లు సొమ్ము చేసుకున్నారు. తెల్లవారింది, ఏమీ కాలేదు. అదే ఏడాది ఇక్కడ మన గురజాడవారు ముత్యాల సరాల్లో ఆ తోకచుక్కని భయపెట్టే భూతంగా కాక సంస్కరణకి ముందు నడిచే జెండాగా చూశారు. భయం రెండు రోజుల్లో వదిలిపోయింది. దాచి ఉంటే ఎన్నేళ్లకి వదిలేదో!

ఇక 1997 కథ.

1995 జూలై 22 దాటి 23 వచ్చిన రాత్రి, అమెరికాలో ఇద్దరు మనుషులు ఒకరికొకరు తెలియకుండా ఒకే చోటికి టెలిస్కోపు తిప్పారు. ధనురాశిలో ఉన్న ఒక నక్షత్ర గుచ్ఛం అది. ఒకాయన అలన్ హేల్, న్యూ మెక్సికోలో తన ఇంటి ముంగిట్లోంచి చూస్తున్నాడు. కొత్త తోకచుక్క కోసం వందల గంటలు వెతికి విసిగిపోయిన మనిషి. ఆ రాత్రి ఆయన వెతకటం కూడా లేదు, పొద్దుపోక అటు చూశాడు. రెండో ఆయన టామస్ బాప్, అరిజోనాలో నిర్మాణ సామగ్రి కంపెనీలో ఉద్యోగి. సొంతానికి టెలిస్కోపే లేదు, స్నేహితుడి దాంట్లోంచి చూశాడు. గుచ్ఛం పక్కన మసక మరక ఒకటి కనపడి, అది కదులుతోందని తేలాక, హేల్ కంప్యూటరు ద్వారా కబురు పంపాడు. బాప్ ఇంటికి పోయి టెలిగ్రాం ఇచ్చాడు. కబుర్లు రెండూ మసాచుసెట్స్‌లో తోకచుక్కల పద్దు వ్రాసుకునే కేంద్రానికి చేరాయి. ఇద్దరి పేర్లూ కలిపి హేల్-బాప్ అన్నారు. చూశారా, కనిపెట్టింది ప్రభుత్వమూ కాదు, సైన్యమూ కాదు. ముంగిట్లో నిలబడ్డవాడొకడు, అరువు టెలిస్కోపువాడొకడు.

ఆ తోకచుక్క నిజంగా మామూలుది కాదు. కనిపించేటప్పటికి గురుగ్రహానికి అవతల ఉంది. అంత దూరాన అంత వెలుగు ఉండటమే విడ్డూరం. దాని మంచుగడ్డ అడ్డుకొలత 60 కిలోమీటర్లని అంచనా. హేలీది పొడవు వారగా 15 కిలోమీటర్లే. మామూలు కంటికి 18 నెలలపాటు కనిపించింది. అంతకు ముందు 1811 నాటి తోకచుక్క 9 నెలలు కనిపించటమే గొప్ప. 1997 మార్చి, ఏప్రిల్ నెలల్లో సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వాయవ్యాన తెల్లటి తోకతో, మన ఊళ్లలో కూడా, ఎవరూ వేలు పెట్టి చూపించక్కర్లేకుండా కనపడింది. మీలో నలభై దాటినవాళ్లు చాలామంది చూసే ఉంటారు.

అలాంటిదానికి పుకారు పుట్టటానికి ఎంతసేపు పడుతుంది? 1996 నవంబరు 14న టెక్సాస్ రాష్ట్రం హూస్టన్‌లో ఒక ఔత్సాహికుడు తన టెలిస్కోపుతో ఫోటో తీస్తే, తోకచుక్క పక్కన శనిగ్రహంలాగా చుట్టూ వలయం ఉన్నట్టు ఏదో పడింది. తన కంప్యూటరులో ఉన్న నక్షత్రాల పటం చూశాడు. ఆ చోట పటంలో నక్షత్రం లేదు. అంతే, భూమికి నాలుగు రెట్లున్న వస్తువేదో తోకచుక్కని వెంబడిస్తోందన్నాడు. అన్నది ఇంట్లో కూచుని కాదు, రేడియోలో.

రేడియో అనేటప్పటికి నాకు కొంచెం గుచ్చుకుంటుంది, అందులోంచి మాట్లాడేదాన్ని కదా. ఆర్ట్ బెల్ అనే ఆయన నెవాడా ఎడారిలోంచి రాత్రంతా ఒక కార్యక్రమం నడిపేవాడు, అమెరికా అంతటా లక్షలమంది వినేవారు. నిద్రపట్టనివాళ్లు, రాత్రి లారీలు నడిపేవాళ్లు, ఒంటరివాళ్లు. ఎవరు ఫోను చేసి ఏం చెప్పినా ప్రసారమే. ఆ గొంతు చీకట్లో చెవి దగ్గర వినిపించేటప్పుడు మనిషి వాదించుకోడు, వింటాడు.

వలయం ఉన్న ఆ వస్తువు సంగతి హేల్ తదితరులు దాదాపు వెంటనే తేల్చేశారు. అది జాబితాలో 141894 నంబరు వేసి ఉన్న మామూలు నక్షత్రం. ఆయన కంప్యూటరు పటం సర్దుబాటు సరిగా లేక అందులో కనపడలేదు. వలయంలాంటి గీతలంటారా, కెమెరాలో వెలుగైన చుక్క చుట్టూ కాంతి చిమ్మటం వల్ల వచ్చేవే. ఇంకా తేలిక పరీక్ష ఉంది. తోకచుక్క రోజు రోజుకీ జరుగుతుంది, నక్షత్రం జరగదు. వెంటబడే వస్తువైతే మర్నాడు కూడా పక్కనే ఉండాలి. ఉందా? లేదు. తోకచుక్క ముందుకు పోయింది, అది ఉన్నచోటే ఉంది.

కానీ పుకారుకి అప్పటికే కాళ్లొచ్చాయి. ఒక విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చెప్పే ఆచార్యుడొకాయన, కళ్లు మూసుకుని మనసుతో దూరాన్ని చూడగలవాళ్లు తన దగ్గర ఉన్నారని, వాళ్లకి ఆ వస్తువు కనిపించిందని అదే రేడియోలో చెప్పాడు. పేరున్న ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడి దగ్గర ఫోటో ఉందన్నారు. ఆయన త్వరలో పత్రికలవాళ్లని పిలిచి అంతా చెబుతాడన్నారు. అందాకా పేరు చెప్పకూడదన్నారు. వారాలు గడిచాయి, శాస్త్రజ్ఞుడు రాలేదు. 1997 జనవరి నడిమిలో బెల్ ఆ ఫోటోని బయటపెట్టాడు. పెట్టగానే హవాయి విశ్వవిద్యాలయంలో పనిచేసే డేవిడ్ థోలెన్, ఒలివియే ఎనో అనే ఇద్దరు "ఇది మేం 1995 సెప్టెంబరు 1న తీసిన ఫోటో, ఇందులో లేని చుక్కని ఎవరో అతికించారు" అని, అసలునీ నకిలీనీ పక్కపక్కన పెట్టి చూపించారు. లోకం మొత్తానికి ఏదో దాస్తున్నారని అరిచినవాళ్లు తమ శాస్త్రజ్ఞుడి పేరు మాత్రం చివరిదాకా బయటపెట్టలేదు!

ఆ రోజుల్లోనే ఇంకొక ప్రశ్న తిరిగింది. అంత పెద్ద హబుల్ టెలిస్కోపు ఆకాశంలో ఉండగా, సరిగ్గా ఈ నెలల్లో దానితో తీసిన ఫోటోలు ఎందుకు లేవు, అని. వినటానికి బాగానే ఉంటుంది ప్రశ్న. జవాబు కూడా అంతే తేలిక. హబుల్‌ని సూర్యుడికి 50 డిగ్రీల లోపు తిప్పరు, లోపలి పరికరాలు పాడైపోతాయని. ఆ చలికాలంలో తోకచుక్క మన చూపుకి సూర్యుడి సమీపంలో ఉంది. కుంపటి మీద ఉన్న గిన్నెలోకి చూడాలని మొహం మంటలో పెట్టం కదా! అయితే ఒకటి, ప్రశ్న ఒక్క వాక్యంలో పడుతుంది, జవాబుకి నాలుగు వాక్యాలు కావాలి. పుకారుకున్న బలం చాలావరకు ఇక్కడే ఉంది.

1997 మార్చి 26న, తోకచుక్క బాగా వెలుగుతున్న రోజుల్లో, కాలిఫోర్నియాలో శాన్ డియేగో దగ్గర ఒక పెద్ద ఇంట్లో 39 మంది చనిపోయి ఉండటం పోలీసులు చూశారు. వాళ్లందరూ స్వర్గద్వారం అనే అర్థం వచ్చే పేరున్న ఒక మఠంవాళ్లు. వాళ్లలో 21 మంది స్త్రీలు. అందరికంటే చిన్నవాళ్లకి 26 ఏళ్లు, పెద్దవాళ్లకి 72. తోకచుక్క వెనక వచ్చే ఓడ తమని ఎక్కించుకుపోతుందని, ఈ శరీరం విడిస్తేనే ఎక్కగలమని వాళ్ల గురువు మార్షల్ ఆపిల్‌వైట్ చెప్పాడు, తనూ వాళ్లతో పోయాడు. తల్లులు, కూతుళ్లు, ఏళ్ల తరబడి ఇంటికి ఉత్తరం ముక్క వ్రాయనివాళ్లు. వాళ్ల పేర్లు టెలివిజనులో చదివేటప్పుడు విని తెలుసుకున్న కుటుంబాలవాళ్లు ఎలా నిలబడ్డారో!

వీళ్ల చావుకి రేడియో పుకారే కారణమంటే న్యాయం కాదు. ఆ మఠం 1970లనాటి నుంచీ ఉంది, ఓడ మీద నమ్మకమూ అప్పటిదే. తోకచుక్క వెనక తోడు ఉన్నా లేకపోయినా తమకి ఒకటేనని వాళ్లే వ్రాసుకున్నారు. అయినా ఒక చిన్న సంగతి నా మనసులోంచి పోదు. వాళ్లు మూడువేల డాలర్లకి పైగా పోసి మంచి టెలిస్కోపు కొన్నారట. కొన్నాళ్లకి దుకాణానికి తిరిగి తెచ్చి, తోకచుక్క కనిపిస్తోంది గానీ దాని వెనక ఉన్న వస్తువు కనపడటం లేదు, డబ్బు వాపసు ఇమ్మన్నారట. అప్పటి పత్రికల్లో వచ్చింది ఇది. కంటికి ఎదురుగా సాక్ష్యం ఉంది. పరికరంలోనే లోపం ఉందనుకున్నారు. తోకచుక్క కనిపెట్టిన హేల్‌ని అడిగితే, తనకి ఆశ్చర్యం కలగలేదని, బాధ అక్కడే ఉందని అన్నాడు.

ఇప్పుడు 2025కి వద్దాం. జూలై 1న చిలీ దేశంలో ఉన్న అట్లాస్ టెలిస్కోపు ఒక చుక్కని పట్టుకుంది. సెకనుకి సుమారు 60 కిలోమీటర్ల వేగం. సూర్యుడి పట్టుకి లొంగే వేగం కాదది. అంటే మన సౌరకుటుంబానికి చెందినది కాదు, ఇంకే నక్షత్రం దగ్గరో పుట్టి దారి తప్పి వచ్చినది. ఇలాంటి అతిథులు అంతకుముందు 2017లో ఒకటి, 2019లో ఒకటి, రెండే కనిపించాయి. ఇది మూడోది, పేరులో త్రీ అందుకే. వింతలు దీనికీ ఉన్నాయి. గ్రహాలు తిరిగే తలానికి దాదాపు దగ్గరగానే వచ్చింది, బొగ్గుపులుసు గాలి ఎక్కువగా వదిలింది, కొన్నాళ్లు తోక సూర్యుడి వైపుకే చాచినట్టు కనపడింది. హార్వర్డు ఆచార్యుడు ఏవీ లోబ్ ఇవన్నీ చూపించి, ఎవరో చేసి పంపినదేమో అన్న అవకాశాన్నీ కొట్టెయ్యకూడదని వాదించారు. వాదించనివ్వండి, తప్పులేదు. శాస్త్రంలో అడగకూడని ప్రశ్న లేదు.

చిక్కు వచ్చింది అక్టోబరులో. 3వ తేదీన ఆ తోకచుక్క అంగారకుడికి సుమారు 3 కోట్ల కిలోమీటర్ల దూరంలోంచి పోయింది. అంగారకుడి చుట్టూ తిరిగే నాసా వాహనం కెమెరా ముందురోజే దాన్ని ఫోటో తీసింది. కానీ అక్టోబరు 1న అమెరికా పార్లమెంటులో బడ్జెటు తెగక ప్రభుత్వ కార్యాలయాలు మూతపడ్డాయి. 43 రోజులు, నవంబరు 12 దాకా. జీతాలు లేవు, ఫోటో విడుదల చేసే గుమాస్తా లేడు. ఇదే సమయంలో, అక్టోబరు 29న, తోకచుక్క సూర్యుడికి అతి దగ్గరగా వచ్చింది, అదీ భూమికి అవతలి పక్కన, మనకి కనపడకుండా. పుకారు కోరుకునేది ఇంతకంటే ఏముంది? ఫోటో ఉంది, చూపించరు. చుక్క ఉంది, కనపడదు. ప్రతినిధుల సభ సభ్యురాలు అన్నా పౌలీనా లూనా ఫోటోలు బయటపెట్టండని నాసాకి ఉత్తరమే వ్రాశారు. ఆవిడ అడగటం సబబే. ప్రజల డబ్బుతో తీసిన ఫోటో ప్రజలకి ఆలస్యంగా చేరితే అడగాల్సిందే. కార్యాలయం తెరిచాక కూడా ఇంకో వారం పట్టింది, నవంబరు 19 దాకా. ఆ వారం నాకు అనవసరం అనిపిస్తుంది.

అయితే ఆ గుమ్మం మూసి ఉన్నప్పుడు పక్కిళ్ల గుమ్మాలు తెరిచే ఉన్నాయి. అంగారకుడి దగ్గరే ఉన్న ఐరోపా వాళ్ల వాహనం తీసిన ఫోటోలు అక్టోబరు 7న వచ్చాయి. చైనా వాళ్లవి నవంబరు మొదటివారంలో వచ్చాయి. అమెరికాకి చైనా సాయపడి రహస్యం కాస్తుందా? నవంబరు నడిమికి తోకచుక్క సూర్యుడి చాటునుంచి తెల్లవారుజామున బయటికి వచ్చాక మన అహ్మదాబాదు భౌతిక పరిశోధనాలయం వాళ్లు మౌంట్ అబూ మీద ఉన్న 1.2 మీటర్ల టెలిస్కోపుతో దాన్ని చూసి, గుండ్రటి వెలుగుతో ఉన్న ఫోటోలు ఇచ్చారు. ఇళ్ల డాబాలమీదనుంచి తీసినవాళ్లూ లోకమంతా ఉన్నారు.

దక్షిణాఫ్రికాలో మీర్‌కాట్ అనే పెద్ద రేడియో టెలిస్కోపు అక్టోబరు 24న దాన్నుంచి ఒక రేడియో జాడ పట్టింది. "ఓడనుంచి రేడియో సందేశం" అని శీర్షికలు పెట్టేశారు. అది సందేశం కాదండీ. నీటి అణువు ఎండకి విరిగితే హైడ్రాక్సిల్ అనే ముక్క వస్తుంది, అది ఫలానా తరంగాలని పీల్చుకుంటుంది, ఆ గుర్తే వాళ్లకి దొరికింది. తోకచుక్కలో నీరుందని అర్థం, అంతవరకే. డిసెంబరు 18న అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోపుని దానివైపు తిప్పి కృత్రిమ సంకేతాల కోసం పనిగట్టుకుని వెతికారు. ఏమీ దొరకలేదు.

నవంబరు 19న నాసా ఫోటోలు పెట్టినప్పుడు, ఆ రోజు మాట్లాడిన అధికారుల్లో భారతీయ తల్లిదండ్రులకి అమెరికాలో పుట్టిన అమిత్ క్షత్రియ ఒకరు. ఇది తోకచుక్కే అని తేటగా చెప్పారు. ఇంతకీ తాళం వేసి దాచారన్న అంగారకుడి ఫోటో ఎలా ఉంది? దూదిపింజలా తెల్లటి మసక మరక. ఆ కెమెరాకి అంత దూరంనుంచి ఒక్కొక్క బిందువులో 30 కిలోమీటర్లు ఇమిడిపోతాయి. తోకచుక్క గడ్డేమో హబుల్ అంచనా ప్రకారం 6 కిలోమీటర్లకి లోపే. కనపడటం అసాధ్యం. వెంటనే వీడియోలవాళ్లు మాట మార్చారు, మసగ్గా ఉంది గనక అసలుది ఇంకా లోపలే ఉంది అన్నారు.

పిన్నిగారి మనవరాలి పెళ్లి అనుకున్న ముహూర్తానికే అయింది, కొబ్బరి బూరెలు బాగున్నాయి. తోకచుక్క డిసెంబరు 19న భూమికి తన అతి దగ్గర చోటుకి వచ్చింది. ఎంత దగ్గర అంటే 27 కోట్ల కిలోమీటర్లు, సూర్యుడికంటే దాదాపు రెట్టింపు దూరం. అక్కడినుంచి దాని దారి 2026 మార్చిలో గురుగ్రహం పక్కనుంచి, ఆ తర్వాత సౌరకుటుంబం బయటికి. హేల్-బాప్ సుమారు 4385వ సంవత్సరంలో మళ్లీ వస్తుంది. ఇది తిరిగి రాదు.